తలెత్తి విన్న మాట
జర్మన్‌లో ‘ఔఫ్‌హోరెన్’ అంటే ఆపేయడం, మానేయడం. విడదీస్తే ‘ఔఫ్’ అంటే పైకి, ‘హోరెన్’ అంటే వినడం. వినడానికీ మానడానికీ ఏమిటి చుట్టరికం? మధ్యయుగపు జర్మన్‌లో దీని అసలు భావం, ఏదో వినబడి చెవి ఒగ్గి, చేస్తున్న పని వదిలేయడం. కట్టెలు కొట్టేవాడికి ఎవరో పిలిచినట్టు అనిపిస్తుంది. ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే ఉండిపోతుంది. చెవి అటు పోయింది, పని ఇక్కడ ఆగింది. ఈ మాటలో నాకు ఎంతో ఇష్టమైనది ఆ క్షణమే.

రానురాను వినడం మరుగునపడి, ఆగడమే మిగిలింది. చెవులు లేని వాన వెలిసినా ఇప్పుడు ఇదే క్రియ. అల్లరి పిల్లలతో మనం ‘ఇక ఆపు’ అనేచోట జర్మన్లు ‘హోర్ ఔఫ్’ అంటారు. ముందుండాల్సిన ‘ఔఫ్’ అప్పుడు విడిపోయి చివరికి చేరుతుంది.