ఛాయాచిత్రము – చిత్రకళ

ఛాయాచిత్రం లేని ఇల్లు ఈనాడు అరుదు. పెళ్ళిపీటల మీది దంపతులు, కీర్తిశేషులైన పెద్దలు, కాశీయాత్రకు వెళ్ళి వచ్చిన బంధువులు మన గోడల మీద కొలువు తీరి ఉంటారు. ఆ బొమ్మలో ఉన్నది ఎవరని వచ్చినవారు అడుగుతారు గాని, ఆ బొమ్మ తీసినది ఎవరని అడుగరు. కుంచెతో వ్రాసిన పటమైతే చిత్రకారుని పేరు తెలుసుకొనగోరే మనము, ఛాయాచిత్రం దగ్గరకు వచ్చేసరికి యంత్రమే దానిని తీసినదన్నట్లు ఊరకుంటాము. ఈ ఉదాసీనత వెనుక నూట ఎనభై ఏండ్లకు పైబడిన వివాదం ఒకటి ఉన్నది.

1839లో ఫ్రాన్సు దేశంలో డాగెర్ పద్ధతి, ఇంగ్లండులో టాల్బట్ పద్ధతి లోకానికి వెల్లడి అయినవి. వెలుగు తనంతట తానే బొమ్మ గీయగలదని విని ప్రజలు ఆశ్చర్యపడినారు. చిత్రకారులలో కొందరు మాత్రం పెదవి విరిచినారు. ఇందులో చేతి నేర్పు లేదు, ఊహ లేదు, రసాయనం చేసిన పనిని కళ అనడం ఎట్లా అని వారి ప్రశ్న. దీనికి అసలైన సమాధానం వాదోపవాదాలలో కాక, ఎండలో పెట్టె మోసి పని చేసినవారి చేతులలో దొరికినది. అటువంటి వారిలో ఇద్దరికి మన తెలుగునేలతో సంబంధం ఉండడం విశేషం.

మొదటివారు లినేయస్ ట్రైప్. 1822లో ఇంగ్లండులో పుట్టి, ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో అధికారిగా పనిచేసినారు. 1855లో బర్మా రాజు కొలువుకు వెళ్ళిన రాయబార బృందంతో కలిసి వెళ్ళి అక్కడి పగోడాలను, మఠాలను ఛాయాచిత్రాలుగా తీసినారు. 1856లో మద్రాసు ప్రభుత్వం ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించినది. మద్రాసులో ఛాయాచిత్ర సంఘం వెలసినది కూడ ఆ సంవత్సరమే.

ఆనాటి పని ఎంత కష్టమైనదో ఈనాడు ఊహించడం తేలిక కాదు. బర్మాలో ఆయన వాడినది మైనం పట్టించిన కాగితపు నెగెటివ్. దాని మీద వెండి లవణాలు పూసి, పెట్టెలో అమర్చి, నిమిషాల కొలది వెలుగు సోకనీయాలి. ఆ రసాయనానికి ఒక దోషం ఉన్నది. నీలివర్ణం దానిని మిక్కిలి త్వరగా తాకుతుంది. అందువలన గోపురం చక్కగా పడేసరికి ఆకాశం తెల్లని గోడవలె శూన్యమై పోతుంది. ట్రైప్ ఏమి చేసినారంటే, నెగెటివ్ వెనుక రంగు పూసి మేఘాలను తీర్చినారు. యంత్రం పోగొట్టిన ఆకాశాన్ని చేయి తిరిగి తెచ్చినది. చేతి నేర్పు లేదన్నవారికి ఇంతకంటె వేరే జవాబు అక్కరలేదు.

1858లో ఆయన మధుర, తంజావూరు మొదలైన చోట్ల కోవెలలను తీసినారు. తంజావూరు బృహదీశ్వరాలయపు అడుగుగోడ మీది శాసనాన్ని ఇరువదియొక్క చిత్రాలుగా తీసి, వరుసగా అతికి, దాదాపు పందొమ్మిది అడుగుల పొడవు గల ఒకే పటంగా కూర్చినారు. ఆ ఏడే మద్రాసు మ్యూజియంలో అమరావతి శిలలను కూడ తీసినారు.

ఈ శిలల కథ మనకు తెలియనిది కాదు. 1797లో కాలిన్ మెకంజీ అమరావతి దిబ్బను చూచేనాటికే అక్కడి రాతిపలకలు కొత్త కట్టడాలకు తరలిపోతున్నవి. 1845లో వాల్టర్ ఇలియట్ దొర కొన్ని పలకలను త్రవ్వించి మద్రాసుకు పంపినారు. అక్కడ అవి చాలకాలం ఎండకు వానకు బయట పడి ఉన్నవి. 1859లో వాటిలో అనేకం ఓడ ఎక్కి లండను చేరినవి. నేటికిని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. అవి సముద్రం దాటకముందు, మన తీరంలో ఉండగా కంటబడిన తీరు ట్రైప్ చిత్రాలలో నిలిచినది.

పలుచని చెక్కడాన్ని ఛాయాచిత్రంగా తీయడం సులభమనుకొనరాదు. ఎదురెండలో పెడితే బొమ్మలన్నీ చదునై పోతాయి. వెలుగు ఏటవాలుగా ప్రాకినప్పుడే తామరరేకు అంచు, స్త్రీ నడుము వంపు, ఏనుగు తొండపు ముడుత నీడదేరి పైకి లేస్తాయి. ఏ వేళ ఎండ కావాలో ఎరుగడం, ఆ వేళ వచ్చే దాక వేచి ఉండడం యంత్రం చేయగల పనులు కావు. శిల్పి ఉలి పెట్టినప్పుడు ఏ వెలుగును తలచినాడో, ఛాయాచిత్రకారుడు ఆ వెలుగునే వెదకాలి.

అయితే ఇంత శ్రమా ప్రభుత్వపు కంటికి దుబారాగా తోచినది. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెలియన్ ఈ ఖర్చును మాన్పించినారు. ట్రైప్ పని అంతటితో ముగిసినది.

రెండవవారు మనకు మరింత ఆత్మీయులు: రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ చెంతనున్న సర్ధానాలో జైన కుటుంబంలో జన్మించినారు. రూర్కీలోని థామ్సన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇందోరులో ప్రభుత్వ పనుల శాఖలో అంచనాలు వేసే, నకాసులు గీసే ఉద్యోగంలో చేరినారు. ఛాయాచిత్రకళను చేపట్టినది 1874లో. నకాసులు గీసిన ఆ కన్ను తరువాతి పనికంతకూ పునాది అయినది. 1882లో లెపెల్ గ్రిఫిన్ దొరతో బుందేల్‌ఖండ్ తిరిగి కోటలను, గుళ్ళను తీసినారు. ఆ చిత్రాలు 1886లో మధ్యభారతపు ప్రసిద్ధ కట్టడాలను గూర్చిన గ్రంథంగా వెలువడినవి.

ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆయనను తన ఆస్థాన ఛాయాచిత్రకారునిగా చేసికొనిన తరువాత సికిందరాబాదు ఆయనకు నెలవైనది. చార్మినారు, గోలకొండ, ఫలక్‌నుమా, చౌమహల్లా ఆయన అద్దపు ఫలకల మీదికి ఎక్కినవి. అంతకుముందు అద్దానికి తడి రసాయనం పూసి, తడి ఆరకముందే బొమ్మ తీసి, వెంటనే చీకటి గుడారంలో కడగవలసి వచ్చేది. పొడి ఫలకలు వాడుకలోకి రావడంతో ఆ తొందర తప్పినది. చిత్రకారుడు నిలిచి చూచుటకు వ్యవధి దొరికినది.

1892లో ఆయన హైదరాబాదులో జనానా స్టూడియో తెరచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల వనితకు అప్పగించినారు. పరదా చాటున బ్రతికిన స్త్రీలు అన్యపురుషుని ఎదుట పడకుండ తమ రూపాన్ని తాము చూచుకొనగలిగినారు. మరునాడు తమ మనుమరాండ్రకు చూపుకొనగలిగినారు. ఒక సంఘపు ఆచారాన్ని గౌరవిస్తూనే దాని తలుపును కొంచెం తెరచిన పని అది.

1892లోనే లండనులో కొందరు ఛాయాచిత్రకారులు తమది కళయేనని నిరూపించుటకై లింక్డ్ రింగ్ అనే సంఘం స్థాపించినారు. అంతకుముందు 1889లో పీటర్ హెన్రీ ఎమర్సన్ ప్రకృతిని ఆశ్రయించిన ఛాయాచిత్రం కళయేనని ఒక గ్రంథం వ్రాసి, స్వల్పకాలంలోనే తన మాట తానే ఉపసంహరించుకొన్నారు. పడమట ఈ తర్జనభర్జనలు సాగుతుండగా, 1894లో నిజాము దీన్ దయాళ్‌కు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అని బిరుదు ఇచ్చినారు. ముసవ్విర్ అనగా రూపకర్త, చిత్రకారుడు. కుంచె పట్టినవానికి చెల్లే పేరును కెమెరా పట్టినవానికి ఇచ్చి, ఆ కొలువు ఒక్క మాటతో తగవు తీర్చినది.

ఇంత చెప్పి, ఆ కెమెరా ఎవరిని చూచినదో చెప్పకుండుట న్యాయం కాదు. అది ఎక్కువగా చూచినది ప్రభువులను, వేటలను, విందులను, సేనలను. నాగలి పట్టిన రైతు అందులో అరుదు. అయితే 1899–1900 నాటి కరవులో ఔరంగాబాదు ప్రాంతంలో ఎముకల గూళ్ళైన మనుష్యులను కూడ ఆ స్టూడియో తీసినది. ఫలక్‌నుమా సోపానాల మీద వెలుగును కొలిచిన కన్నే అక్కడా వెలుగును కొలిచినది. అందం కొరకు నేర్చిన విద్య ఆకలి ఎదుట నిలిచినప్పుడు చూపరి మనస్సు కలత పడుతుంది. ఆ కలతను దాచని చిత్రమే చరిత్రకు సాక్ష్యం చెప్పగలదు. ఆ చిత్రాలలోని వారి పేర్లు మాత్రం మనకు మిగులలేదు.

దీన్ దయాళ్ 1905లో మరణించినారు. అద్దం పగిలే వస్తువు. కాగితం పసుపెక్కే వస్తువు. ఆయన స్టూడియో అద్దపు నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరి భద్రమైనవి. 2006లో ఆయన పేర తపాలాబిళ్ళ వెలువడినది.

ఈనాడు ప్రతి చేతిలోని ఫోనులోను కెమెరా ఉన్నది. చిత్రాలు కోకొల్లలు, చూపు మాత్రం ఇప్పటికిని అరుదే. ఏటవాలు ఎండ కొరకు వేచిన ఓర్పును ఏ యంత్రమూ మన బదులు నేర్చుకొనదు. మన ఇండ్లలో ఉన్న పాత పటాల విషయంలో మనం చేయగల చిన్న పని కూడ ఒకటి కలదు. తడి తగలని చోట వాటిని ఉంచి, ఉన్నవారెవరో, ఊరేదో, ఏ సంవత్సరమో, తెలిసినచో తీసినవారెవరో, పెద్దలు ఉండగానే అడిగి, వెనుకవైపున పెన్సిలుతో మెల్లగా వ్రాసి పెట్టుకొందాము. కరవునాటి చిత్రాలలోని వారికి దక్కని పేరు మనవారికైనా దక్కుతుంది.