ఇంజనీరింగ్ సీట్ల గొడవలో పుట్టిన బడి హక్కు

పోయిన జూన్‌లో కాప్రాలో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్న తన కొడుకుని బడిలో చేర్పించాలని, తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. పిల్లాడికి తొమ్మిదేళ్లు. పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. రెండేళ్లు ఇటుక బట్టీల దగ్గర ఉన్నారు, ఆ రెండేళ్లూ పిల్లాడికి చదువు లేదు. బడి ఆఫీసులో మూడు కాగితాలు అడిగారు: బర్త్ సర్టిఫికెట్, పాత బడి టీసీ, ఆధార్. మా దగ్గర ఉన్నది ఆధార్ ఒక్కటే, అందులోనూ పేరు తప్పు పడింది. "అన్నీ తెచ్చుకుని రండి" అన్నారు. కోపంగా ఏమీ అనలేదు, మామూలుగానే అన్నారు. వాచ్‌మన్ అన్న "సరే సార్" అని లేచాడు. ఇంకో పది రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగితే ఆయన పని పోతుంది. అందుకే మళ్లీ వెళ్లడని నాకు అర్థమైంది.

ఇంటికొచ్చి, అసలు ఇలా వెనక్కి పంపొచ్చా అని చట్టం వెతకడం మొదలుపెట్టాను. వెతుకుతూ వెతుకుతూ వెనక్కి పోతే 1992లో తేలాను. అక్కడ బడి పిల్లలు లేరు, మెడికల్ సీట్లు, ఇంజనీరింగ్ సీట్లు ఉన్నాయి. ఈ ఎపిసోడ్ ఆ కథే.

ముందు ఒక్క ముక్క రాజ్యాంగం. ఆర్టికల్ 45 అని ఒకటుంది. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన పదేళ్లలోపు, పద్నాలుగేళ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని అందులో రాశారు. అంటే 1960 కల్లా. ఆదేశిక సూత్రాల్లో గడువు పెట్టి మరీ రాసింది అప్పట్లో ఇదొక్కటే. గడువు దాటింది. ఎవరూ కోర్టుకి లాగలేరు, ఎందుకంటే ఆదేశిక సూత్రాల అమలు కోసం కోర్టుకి వెళ్లే వీల్లేదు. 1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 44 శాతం. ఆడవాళ్లలో అయితే 33 శాతం కూడా లేదు. గడువు పోయిన 30 ఏళ్ల తర్వాత మన పరిస్థితి అది.

ఇప్పుడు 1992కి వద్దాం. మోహినీ జైన్ అనే అమ్మాయికి కర్ణాటకలో ఒక ప్రైవేట్ మెడికల్ కాలేజీ ఏడాదికి 60,000 రూపాయల ఫీజు అడిగింది. అదే రాష్ట్రంలో ప్రభుత్వ సీటుకి 2,000. ఆమె సుప్రీంకోర్టుకి వెళ్లింది. విద్య అన్ని స్థాయిల్లోనూ హక్కే, క్యాపిటేషన్ ఫీజు తప్పు అని కోర్టు చెప్పింది. ప్రైవేట్ కాలేజీల గుండెల్లో రాయి పడింది.

అదే ఏడాది మన దగ్గర ఇంకో గొడవ. క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ ఇక్కడ 1983 నుంచే చట్టం ఉంది. దానికి 1992లో ఒక సవరణ తెచ్చి, ప్రైవేట్ కాలేజీలు సగం సీట్లని ర్యాంకుతో పనిలేకుండా నింపుకోవచ్చన్నారు. హైకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రైవేట్ మెడికల్, డెంటల్ కాలేజీలకు ప్రభుత్వం ఇచ్చిన అనుమతుల మీద కూడా కోర్టు తప్పుబట్టింది. ఆ దెబ్బకి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి 1992 అక్టోబర్‌లో రాజీనామా చేశారు. ఒకసారి ఆలోచించండి. కాలేజీ సీట్ల మీద ముఖ్యమంత్రి కుర్చీ పోయింది. 1960 గడువు దాటినందుకు ఎవరి కుర్చీ అయినా కదిలిందా?

ఈ కాలేజీల కేసులన్నీ కలిసి సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల ముందుకు వచ్చాయి. దాని పేరే ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. 1993 ఫిబ్రవరిలో తీర్పు. ప్రధాన తీర్పు రాసింది మన తెలుగు జడ్జి, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. కాలేజీల సంగతికొస్తే, సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు, రెండూ మెరిట్ మీదే అని ఒక స్కీమ్ పెట్టారు. మీ ఇంట్లో తొంభైల్లో ఇంజనీరింగ్ చదివిన బాబాయో పిన్నో ఉంటే అడగండి, "ఫ్రీ సీటా, పేమెంట్ సీటా" అనే మాట వాళ్లకి బాగా గుర్తుంటుంది.

కానీ ఆ తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. అన్ని చదువులూ హక్కు కాదు గానీ, పద్నాలుగేళ్ల వరకు చదువు మాత్రం ప్రాథమిక హక్కు అన్నారు. ఆపైన చదువు ప్రభుత్వ స్తోమతని బట్టి. ఆర్టికల్ 45 గడువు దాటి అన్నేళ్లయిందన్న సంగతీ ఎత్తారు. చిన్న బడుల కంటే పెద్ద చదువుల మీదే ప్రభుత్వాలకి శ్రద్ధ, ఖర్చు ఎక్కువైందని కూడా రాశారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల లెక్కలో చెప్పాలంటే, వేరే బగ్ కోసం కోడ్ తెరిస్తే అసలు బగ్ దొరికింది. పిల్లల తరఫున ఆ కోర్టులోకి ఎవరూ పోలేదు. పోయింది కాలేజీల వాళ్లు, ఫీజుల కోసం.

మరి అదే టైంలో బడి బయట ఉన్న పిల్లల గురించి ఎవరూ పట్టించుకోలేదా అంటే, పట్టించుకున్నారు. మన పక్కనే. కాప్రా అప్పట్లో రంగారెడ్డి జిల్లాలో ఉండేది. ఆ జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ పనిచేస్తోంది. నడిపించింది శాంతా సిన్హా గారు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్. తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేరు మీద 1981లో పెట్టిన సంస్థ అది.

ప్రభుత్వ పాలసీ అప్పటికి ఏంటంటే, పేదవాళ్లకి పిల్లల సంపాదన కావాలి, కాబట్టి పగలు పనికి పోనిద్దాం, సాయంత్రం రెండు గంటలు అక్షరాలు నేర్పుదాం. దీని పేరు అనియత విద్య. 1986 జాతీయ విద్యా విధానం దీన్ని పెద్ద ఎత్తున పెట్టింది. అదే 1986లో వచ్చిన బాల కార్మిక చట్టం కూడా కొన్ని ప్రమాదకరమైన పనులనే నిషేధించింది. పొలం పని, పశువులు కాయడం, ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకోవడం, ఇవేవీ లెక్కలోకి రావు.

ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు దీన్ని తిరగేశారు. బడిలో లేని ప్రతి పిల్లా పిల్లాడూ బాల కార్మికులే, రాత్రి బడి వద్దు, పగటి బడే కావాలి అన్నారు. పదేళ్ల పిల్లని ఒకటో తరగతిలో ఆరేళ్ల పిల్లల పక్కన కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతుంది కదా, అందుకే క్యాంపులు పెట్టారు. అక్కడే ఉంచి, కొన్ని నెలలు చదివించి, వయసుకి తగ్గ తరగతిలో నేరుగా చేర్పించడం. బ్రిడ్జ్ కోర్సు అంటే అదే. ప్రభుత్వ టీచర్లు కూడా బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడి వీళ్లతో కలిశారు.

వాళ్ల అనుభవంలో తేలింది ఏంటంటే, తల్లిదండ్రులకి ఆశ లేక కాదు, బడి గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు. అడ్మిషన్ తేదీ దాటిందని, వయసు కాగితం లేదని, హాజరు లేదని పేరు కొట్టేశారని. "వాళ్లకి చదువంటే ఇంట్రెస్ట్ ఉండదు బ్రో" అని నేనూ ఒకప్పుడు అన్నవాణ్ణే. ఆ రోజు ఆఫీసు గదిలో "సరే సార్" అనడం చూశాక ఆ మాట నా నోట రాదు. శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కి మొదటి చైర్‌పర్సన్ అయ్యారు.

మిగతాది వేగంగా చెప్తా. 2002లో పదకొండు మంది జడ్జీల బెంచ్ ఆ ఫ్రీ సీటు, పేమెంట్ సీటు స్కీమ్‌ని తీసేసింది. బడి హక్కు మాత్రం నిలబడింది. అదే ఏడాది 86వ రాజ్యాంగ సవరణతో ఆర్టికల్ 21ఏ అయింది. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. అందులో ప్రైవేట్ బడులు 25 శాతం సీట్లు పేద పిల్లలకి ఇవ్వాలని సెక్షన్ 12 చెప్తుంది. తెలంగాణలో దాన్ని ఏళ్ల తరబడి పక్కన పెట్టేశారు. మరోవైపు 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. నా బీటెక్ అయింది దాని మీదే. దాన్ని తప్పనడం లేదు, అది లేకపోతే నేను ఈ కెమెరా ముందు లేను. కానీ ఇంజనీరింగ్ ఫీజు కోసం ప్రైవేట్ కాలేజీకి డబ్బు కట్టిన రాష్ట్రమే, ఒకటో తరగతి పిల్లాడి కోసం ప్రైవేట్ బడికి కట్టడానికి వెనకాడింది.

ఇక పిల్లాడి సంగతి. నేను చట్టం ప్రింటవుట్ తీసుకుని మళ్లీ వెళ్లాను. సెక్షన్ 14, వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. సెక్షన్ 5, టీసీ ఆలస్యమైందని ఆపకూడదు. సెక్షన్ 4, వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడిన చదువుకి స్పెషల్ ట్రైనింగ్ ఇవ్వాలి. చూశారా, ఆ క్యాంపుల ఆలోచనే చట్టంలోకి వచ్చింది. ఇక ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల అడ్మిషన్‌కి ఆధార్ తప్పనిసరి కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. హెడ్‌మాస్టర్ గారు ప్రింటవుట్ మొత్తం చదివారు. "మాకూ పైనుంచి ఆన్‌లైన్‌లో అన్ని నంబర్లూ ఎక్కించమంటారు బాబూ" అన్నారు. అదీ నిజమే అయ్యుంటుంది. పిల్లాణ్ణి నాలుగో తరగతిలో చేర్చుకున్నారు. స్పెషల్ ట్రైనింగ్ అయితే ఇంతవరకు లేదు, సాయంత్రాలు మా మెట్ల దగ్గర నేనే గుణింతాలు రాయిస్తున్నా.

సెక్షన్ నంబర్లు స్క్రీన్ మీద వేశాను, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. జూన్‌లో మీ వీధిలో ఎవరికైనా పనికొస్తాయి. మీ దగ్గర బడి వాళ్లు ఏ కాగితం లేదని వెనక్కి పంపారో, బడి పేరు లేకుండా, కామెంట్‌లో రాయండి.