కదిలింది ఎల్ల, ఊరు కాదు

వేలూరు, గుడియాత్తం తెలుగువాళ్లు ఎప్పుడొచ్చారంటే అందరూ చెప్పే జవాబు ఒక్కటే: విజయనగర దండు వెంట. కుమార కంపన పడైవీడు శంబువరాయలను లొంగదీశాడు, వెనక నాయకులొచ్చారు, చిన్నబొమ్మనాయకుడి పేరుమీద వేలూరు కోట నిలిచింది. ఇదంతా కాదనను. కానీ అది కోటలో కూర్చున్నవాళ్ల కథ. చేను దున్నినవాళ్లూ దండుతోనే వచ్చారని ఎవరు చూశారు?

వేలూరుకు రాయవేలూరన్న పేరు కొలువు వల్ల వచ్చింది. రెండో వెంకటపతిరాయలు 17వ శతాబ్ది తొలినాళ్లలో చంద్రగిరి నుంచి ఇక్కడికి కొలువు మార్చాడు. 1614లో ఆయన పోగానే గొబ్బూరి జగ్గరాయడు కొత్త రాజును కుటుంబంతో సహా చంపించాడు. ఆ కుటుంబంలో ఒక్క పిల్లవాణ్ణి వెలుగోటి యాచమనాయకుడు దక్కించాడు. మరి కొన్ని దశాబ్దాలకే కోట బీజాపురం చేతికి పోయింది. కొలువు చెదిరినా తెలుగు చెదరలేదు. అంటే దాని వేరు మరోచోట ఉంది.

కౌండిన్య ఏరు చిత్తూరు సీమ కొండల్లో పుట్టి గుడియాత్తం మీదుగా పాలారులో కలుస్తుంది. పైనున్నవాళ్లకూ కిందున్నవాళ్లకూ ఏరు ఒకటే, సంతలు ఒకటే, వియ్యాలూ ఒకటే. కొండ దిగి రావడాన్ని వలస అనొచ్చా? 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, పలమనేరు, గుడియాత్తం అన్నీ ఉత్తర ఆర్కాటే. ఆ జిల్లాకు కలెక్టరు కూర్చున్నది కూడా చిత్తూరులోనే. అప్పుడు గీసింది జిల్లా గీత. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోగా అదే రాష్ట్రాల ఎల్ల అయింది. 1960లో ఎల్లల తగువుపై పటాస్కర్ తీర్పు ప్రకారం తిరుత్తణి మద్రాసుకు పోయేసరికి, గీత ఎంత సులువుగా జరుగుతుందో మరోసారి తెలిసింది. గీతకు దక్షిణాన మిగిలినవాళ్లను ఆ తర్వాత మనం ‘వలస తెలుగువాళ్లు’ అన్నాం.

ఏరు ఒక్కటే అన్నిటికీ జవాబని కాదు. నాయకుల కొలువు నుంచి దిగిన బలిజ కుటుంబాలు లేకపోలేదు. జాతరల పోలికా ఉంది: గుడియాత్తంలో గంగమ్మ శిరసు ఊరేగుతుంది, తిరుపతిలోనూ గంగమ్మ జాతర ఉంది. ఆ పోలిక చూసి వలసకు తేదీలు కట్టడం మాత్రం తొందరపాటు. గంగమ్మ తమిళులకూ అమ్మే.

ఇప్పుడు వేలూరులో తెలుగు బాగా కనిపిస్తుంది, సీఎంసీ ఆసుపత్రి చుట్టూ లాడ్జీల బోర్డుల మీద. అది రోగుల కోసం రాసిన తెలుగు. ఇక్కడి పిల్లల సంగతి వేరు: తమిళనాడు 2006 చట్టంతో బడిలో తమిళం మొదటి భాషగా తప్పనిసరైంది, తెలుగు ఐచ్ఛికమైంది. తప్పంతా చట్టానిదే అనను. మార్కుల లెక్క చూసి ముందే తెలుగు వదిలేసిన తల్లిదండ్రులూ ఉన్నారు. పరదరామి దాటి చిత్తూరుకు పెళ్లికి వెళ్లే పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు. శుభలేఖ మాత్రం తాతే చదివి పెట్టాలి.