నడుము నొప్పి: రెండధ్యాయముల కథ



మా బెల్లంపల్లి బొగ్గుగనుల ఊరు. తట్టలతో బొగ్గునెత్తి టబ్బులు నింపిన కార్మికుల ఊరు. ఇచ్చట నడుము నొప్పియన్నచో ఎవ్వరును వింతపడరు. పనివలన వచ్చినదని సరిపెట్టుకొందురు. మూత్రమార్గమున సోకిన వ్యాధి తగ్గిన పిమ్మట నడుమున, కాలున నొప్పి నిలిచినపుడును అట్లే సరిపెట్టుకొనుట క్షేమము కాదు. ఆ సంగతి లోకమునకెట్లు తెలిసెనో మనవి చేసెదను.

చరకసంహిత చికిత్సాస్థానమున 26వ అధ్యాయము త్రిమర్మీయము. మూత్రకృచ్ఛ్రములెనిమిదియు అందు వర్ణింపబడినవి. పిరుదున మొదలై నడుము, తొడ, మోకాలు, పిక్కలమీదుగా పాదముదాక దిగు గృధ్రసి మాత్రము 28వ అధ్యాయమగు వాతవ్యాధిచికిత్సలోనిది. శిష్యులకు సంస్కృతము చెప్పిన దినములలో ఈ రెంటిని నేను వేర్వేరు వ్యాధులుగనే బోధించితిని. అవి వేరగుటయే తరచు. కాని కొన్నియెడల వాని నడుమ త్రోవ కలదు.

1885లో ఎషెరిష్ అను వైద్యుడు శిశువుల ప్రేగులలో నొక సూక్ష్మక్రిమిని కనుగొనెను. మూత్రవ్యాధికి మిక్కిలి తరచుగ కారణమగునది అదియే. 1940లో అమెరికాదేశపు బాట్సన్ పండితుడు కటిప్రదేశపు సిరలు వెన్నెముక సిరలతో కలియుననియు, కవాటములు లేనందున అందు రక్తము ఇరువైపులకును పారగలదనియు చూపెను. ఆయన విచారించినది పుట్టకురుపుల వ్యాప్తి. క్రిములును ఆ త్రోవననే వెన్నుపూసలకు చేరునని పిదపివారు తలచిరి. ధమనులద్వారా చేరుటయే హెచ్చని నేడు పలువురందురు. త్రోవ యేదైనను, చేరుట నిజము.

ఔషధచరిత్రలో మనవారి పేరును కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు అధిపతిగానున్న లెడర్లీ సంస్థనుండియే 1948లో ఆరియోమైసిన్ వెలువడెను. అట్టి మందులు రాకపూర్వము వెన్నుపూసల చీము తరచు ప్రాణాంతకము. నేడు క్రిమిని గుర్తించి, తగిన మందును సామాన్యముగ ఆరు వారములిచ్చి నయము చేయుచున్నారు.

మూత్రవ్యాధి పిమ్మటి నడుము నొప్పులలో పెక్కింటికి కండరములో, పూసల నడిమి బిళ్లయో, మూత్రపిండమున రాయియో కారణము. అయినను రాత్రి పరుండినను తగ్గని నొప్పి, జ్వరము, వెన్నును తట్టిన బాధ యున్నచో రక్తపరీక్ష, ఎం.ఆర్.ఐ. చిత్రము అవసరమేమోయని వైద్యునడుగవలెను. కాలు పట్టుతప్పినను, మూత్రము బిగిసినను, తొడలనడుమ స్పర్శ తగ్గినను తెల్లవారుదాక ఆగరాదు. ఆనాడే ఆసుపత్రికి పోవలెను. మొదటి వ్యాధి సంగతిని వైద్యునికి తప్పక చెప్పవలెను. రోగి చెప్పనిదే ఆ రెండధ్యాయములను కలిపి చదువుట వైద్యునికిని కష్టము.