ఈ పేరు ఎవరి దగ్గర రాసుంది?

నల్గొండలో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. లినక్స్ మిషన్లకు కొత్త పేర్లు పెట్టినప్పుడల్లా పిల్లలు పిలుస్తారు: "సార్, సుడో కొడితే హోస్ట్ దొరకట్లేదంటుంది!" పేరు ఒక ఫైలులో మారింది, ఇంకోదాంట్లో మారలేదు, అంతే. ఆ ఇంకోటి ఈటీసీ డైరెక్టరీలో ఉండే 'హోస్ట్స్' ఫైలు. డెబియన్, ఉబుంటుల్లో అయితే 127.0.1.1 ఉన్న వరుసలో పాత పేరు తీసి కొత్తది రాస్తే సరి.

ఈ ఫైలు వంశం లినక్స్ కంటే పాతది. 1970లలో అమెరికా ఆర్పానెట్‌లోని కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే జాబితాలో ఉండేవి. కాలిఫోర్నియా మెన్లో పార్క్‌లోని ఎస్‌ఆర్‌ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన సమాచార కేంద్రం దాన్ని రాసేది. కొత్త మిషన్ వస్తే ఆ కేంద్రానికి చెప్పుకోవాలి. వాళ్లు ఎక్కించాక మిగతా ఊళ్లవాళ్లు జాబితాను మళ్లీ దించుకోవాలి. దించుకోనివాడికి పాత లెక్కే దిక్కు. మిషన్లు పెరిగేసరికి ఆ పద్ధతి మోయలేని బరువైంది. 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్‌ఎస్‌ను ప్రతిపాదించాడు: ఎవరి పేర్లు వాళ్లే రాసుకోవాలి, అడిగినవాళ్లకు ఆ పేర్లు రాసుకున్నవాళ్ల సర్వరే చెప్పాలి. 1987లో ఆ ప్రమాణాలు ఇప్పటి రూపానికి వచ్చాయి.

అయినా పాత జాబితా పోలేదు. యూనిక్స్‌లో చిన్న ఫైలుగా మిగిలి, 1991లో పుట్టిన లినక్స్‌కూ వచ్చింది. నెట్ లేని పూట కూడా మిషన్ తన పేరు తాను గుర్తుపట్టాలి కదా! ముందు ఎవరిని అడగాలో 'ఎన్‌ఎస్‌స్విచ్' ఫైలు చెప్తుంది. మామూలుగా హోస్ట్స్ ముందు, డీఎన్‌ఎస్ తర్వాత. ఇది మా జిల్లా సంగతిలాంటిదే: 2016 అక్టోబరు 11న నల్గొండ జిల్లా మూడు ముక్కలైంది, సూర్యాపేట వేరే జిల్లా అయింది. సూర్యాపేట వాళ్ల పాత సర్టిఫికెట్లలో మాత్రం ఇప్పటికీ నల్గొండ జిల్లాయే ఉంటుంది. పాత రాత ముందు చదివేవాడికి పాత జవాబే వస్తుంది.

మూడో పద్ధతిలో రిజిస్టరే లేదు. 'ల్యాబ్3.లోకల్' ఎవరని మిషన్ లోకల్ నెట్‌వర్క్ మొత్తాన్నీ అడుగుతుంది, ఆ పేరున్నది పలుకుతుంది. లినక్స్‌లో ఈ పని అవాహి అనే ప్రోగ్రామ్ చేస్తుంది. 2013లో ఈ పద్ధతికి ప్రమాణం వచ్చింది. అప్పటికే కొన్ని ఆఫీసులు తమ సొంత డీఎన్‌ఎస్‌లో '.లోకల్' పేర్లు పెట్టుకున్నాయి. అక్కడే చిక్కు: చాలా లినక్స్‌ల సెట్టింగులో '.లోకల్' పేరును మిషన్ నెట్‌వర్క్‌లో అడిగి ఆగిపోతుంది, డీఎన్‌ఎస్ దాకా పోదు.

అందుకే నేను పిల్లలకు ముందు రెండు కమాండ్లు నేర్పుతాను. 'గెటెంట్ హోస్ట్స్' మిషన్ నడిచే వరుసలోనే అడుగుతుంది. 'డిగ్' నేరుగా డీఎన్‌ఎస్‌నే అడుగుతుంది. డిగ్‌కు దొరికి గెటెంట్‌కు దొరక్కపోతే తప్పు సర్వర్‌లో కాదు, మన మిషన్ అడిగే వరుసలో ఉంది. ఒకే పేరుకు గెటెంట్ ఒక ఐపీ అడ్రసు, డిగ్ ఇంకో అడ్రసు చెబితే హోస్ట్స్‌లో ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన వరుసను వెతకాలి. ఈ తేడా తెలిసిన పిల్లవాడు కేబుల్ పీకి మళ్లీ పెట్టడు, లినక్స్ మళ్లీ ఎక్కించడు.