గురువు దొరికాడు, గూడు చెదిరింది

మా ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో బంతాట అంటే వాలీబాలే. నేను ఉద్యోగం చేసిన కాలమంతా పాఠశాల మైదానాలలో కబడ్డీ గీతలు చూశాను, వాలీబాలు వల చూశాను, ఆ తరువాత క్రికెట్టు వికెట్లుగా పాతిన వేపకొమ్మలను చూశాను. ఫుట్‌బాలు గోలుస్తంభాలను చూసిన గుర్తు మాత్రం లేదు. అటువంటివాడిని ఫుట్‌బాలు చరిత్రను గురించి వ్రాయబూనడం మిత్రులకు వింతగా తోచవచ్చు. దానికి కారణం నా శిష్యుడొకడు.

ఆత్మకూరులో నా దగ్గర తెలుగు చదువుకొని, హైదరాబాదులో స్థిరపడిన ఆ అబ్బాయి 2025 అక్టోబరులో ఫోను చేశాడు. "అయ్యవారూ, మా జట్టు ఢిల్లీకి వెళ్ళిపోయింది. పేరు కూడా మార్చేశారు" అన్నాడు. నలభై దాటినవాడి గొంతు పరీక్ష తప్పిన పిల్లవాడి గొంతులా వినిపించింది. హైదరాబాద్ ఎఫ్.సి. అనే జట్టు ఒకటున్నదనీ, వాడు పసుపు చొక్కా తొడుక్కొని గచ్చిబౌలి మైదానానికి పోయేవాడనీ నాకు అప్పుడే తెలిసింది. వాడిని ఓదార్చడానికి నాలుగు మాటలు వెదకబోయి చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ అది ఆటల కథగా కాక, మన ఉపాధ్యాయుల కథగా కనబడసాగింది. అందుకే ఈ వ్యాసం.

ఆ జట్టు 2019లో పుట్టింది. పుణే నగరపు జట్టు మూతపడగా, ఆ స్థానంలో ఇండియన్ సూపర్ లీగులోకి వచ్చింది. మొదటి సంవత్సరం శిక్షకుడు ఇంగ్లండు దేశస్థుడైన ఫిల్ బ్రౌన్. ఓటమి మీద ఓటమి. 2020 జనవరిలో ఆయనను తప్పించారు. ఆ ఏడు ఆడిన 18 ఆటలలో గెలిచినవి రెండే. పది పాయింట్లతో పట్టికలో అట్టడుగున నిలిచింది.

ఇక గురువుకోసం వెదుకులాట. అంతకుముందు బెంగళూరు జట్టుకు పనిచేసిన స్పెయిన్ దేశస్థుడు ఆల్బర్ట్ రోకాను పిలిచి, రాబోయే ఏటికి ఒప్పందం చేసుకొన్నారు. ఆటలు మొదలు కాకముందే, 2020 ఆగస్టులో, ఆయనకు బార్సిలోనా నుండి పిలుపు వచ్చింది. ఫుట్‌బాలు లోకంలో అది కాశీనుండి వచ్చిన పిలుపు వంటిదట, కాదనగలవాడెవడు? ఆయన వెళ్ళిపోయాడు. ముహూర్తం దగ్గర పడ్డాక పురోహితుడు లేని పెళ్ళివారి పరిస్థితి అయింది. ఆగస్టు చివరినాటికి మరొక స్పానిష్ శిక్షకుడు మనోలో మార్కెజ్‌ను తెచ్చుకొన్నారు. ఆయన కోరి వెదికితే దొరికినవాడు కాదు, ఒకరు పోగా వచ్చినవాడు.

కాని ఆ వచ్చినవాడే గురువైనాడు. పేరున్న ఆటగాళ్ళను కొనితేవడం కంటె, ఉన్న కుర్రవాళ్ళను తీర్చిదిద్దడం మీద ఆయన దృష్టి పెట్టాడు. అడుగున ఉన్న జట్టు మరుసటి ఏడే అయిదవ స్థానానికి వచ్చింది. ఆ పై ఏడు, 2022 మార్చి 20న, గోవాలోని ఫతోర్డా మైదానంలో కేరళ జట్టుతో అంతిమ పోటీ. ఓటమి ఖాయమనుకొన్న సమయంలో, 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోలు వేసి ఆటను సమం చేశాడు. పెనాల్టీలలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపాడు. హైదరాబాదు విజేత అయింది. కరోనా కారణంగా ఆ రెండేళ్ళూ ఆటలన్నీ గోవాలోనే జరిగినందువల్ల, సొంత ఊరివాళ్ళు తమ జట్టు ఎదుగుదలను టీవీలో చూసి సంతోషించవలసి వచ్చింది.

2023లో మార్కెజ్ గోవా జట్టుకు వెళ్ళిపోయాడు. అదే ఏడు క్లబ్బు ఆర్థికంగా కుంగిపోయింది. జీతాలు బకాయి పడ్డాయి. కొత్త ఆటగాళ్ళను చేర్చుకోకుండా అంతర్జాతీయ సమాఖ్య నిషేధించింది. ఉన్నవారు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మిగిలిన పిల్లలను వెంటబెట్టుకొని తంగ్‌బోయ్ సింగ్టో అనే శిక్షకుడు నెట్టుకొని వచ్చాడు. 2023-24లో 22 ఆటలలో గెలుపు ఒక్కటే. యాజమాన్యం మారింది. 2024 డిసెంబరులో సింగ్టో కూడా వైదొలగగా, షమీల్ చెంబకత్‌కు తాత్కాలికంగా బాధ్యత అప్పగించారు. చివరకు 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఇది చదివి ఊరుకొంటే కథ సగమే. హైదరాబాదుకు గురువును స్పెయిన్ నుండి తెచ్చుకోవలసిన అవసరమే లేని కాలం ఒకటుండేది.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యతను సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు స్వీకరించాడు. 1909లో పుట్టి, ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల పాఠశాలలలో పాఠాలు చెప్పినవాడు. ఆయన చేతిలో పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టుకు కూడా ఆయనే గురువు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం, 1962 జకార్తాలో మళ్ళీ స్వర్ణం. నడుమ 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయిన రోజు కూడా ఉంది. ఆ ఓటమి చూసి ఆయనను వెళ్ళగొట్టి ఉంటే మెల్బోర్న్ ఉండేది కాదు.

ఆయన బోధనా పద్ధతి చూస్తే నా వంటి ఉపాధ్యాయుడికి ముచ్చట వేస్తుంది. బంతిని ఎవరూ తమ వద్దే ఉంచుకొని ఉరకకూడదనే నియమంతో పోటీలు పెట్టేవాడు. తోటివాడికి అందించడం నేర్చుకోవాలి గనుక. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలనే పోటీలు పెట్టేవాడు. రెండు కాళ్ళూ సమంగా పనిచేయాలి గనుక. వచ్చిన పద్యాన్నే వల్లించే పిల్లవాడిని ఆపి, రాని పద్యం చెప్పించే పంతులు లక్షణం అది.

జకార్తా నాటికి ఆయన కాన్సరుతో ఉన్నాడు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఆతిథ్య దేశం రానివ్వకపోవడాన్ని భారతీయ ప్రతినిధి సోంధీ తప్పుపట్టినందుకు అక్కడి జనం మనవాళ్ళపై ఆగ్రహంతో ఉన్నారు. తలకు గాయమై కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను, రక్షణ పంక్తి వాడైనా, రహీం ముందు వరుసలో నిలబెట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన అంతిమ పోటీలో ఒక గోలు పి.కె. బెనర్జీది, మరొకటి ఆ జర్నైల్‌ది. తన పిల్లవాడిలో ఏమున్నదో తెలిసినవాడే అంత సాహసం చేయగలడు. తరువాతి ఏడు, 1963 జూన్ 11న, రహీం కన్నుమూశాడు. పోలీసు జట్టుకు అంతవరకు, అంటే పదమూడేళ్ళపాటు, ఆయనే శిక్షకుడు.

ఇప్పుడు రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రహీం గొప్పవాడు కాబట్టి గెలిచాడని చెప్పి ఊరుకోవచ్చు. కాని ఆయన శిష్యులు పోలీసు ఉద్యోగులు. ఆట ఓడినా నెల జీతం వచ్చేది. రేపటి కూటికి చింత లేని పిల్లలు ఆయన చెప్పినది విన్నారు; ఆయనకు పదమూడేళ్ళు దొరికాయి. తులసీదాస్ బలరాం వంటి హైదరాబాదీలు కలకత్తా క్లబ్బులకు వెళ్ళినా, వెనుక మరొక వరుస తయారవుతూనే ఉండేది. మార్కెజ్‌కు దొరికినవి మూడేళ్ళు. ఆ మూడేళ్ళలోనే కప్పు తెచ్చాడు. అదే మార్కెజ్ 2024 జూలైలో భారత జట్టుకు శిక్షకుడై, గోవా క్లబ్బు పనితోపాటు దాన్నీ చూస్తూ, ఎనిమిది ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచి, ఏడాదికే వైదొలిగాడు. మనిషి మారలేదు, చుట్టూ ఉన్న గురుకులం మారింది.

కాబట్టి ఓడుతున్న జట్టు "మంచి శిక్షకుడు ఎక్కడున్నాడు?" అని మాత్రమే అడిగితే అది సగం ప్రశ్న. "వచ్చినవాడికి ఏమిస్తాం? ఎన్నాళ్ళిస్తాం? వాడి పిల్లలకు అన్నం పెడతామా?" అన్నది మిగతా సగం. పలక, బలపం లేని బడికి ఎంతటి పండితుణ్ణి పంపినా ఏం లాభం? ఈ మాట నేను ఆటను చూసి కాదు, నా ఉద్యోగజీవితాన్ని తలచుకొని అంటున్నాను.

మా శిష్యుడికి చివరకు నేను చెప్పినది ఇది. 1514లో మా ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుండి జయించిన కృష్ణరాయలు, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకొనిపోయి ఆలయం కట్టించి ప్రతిష్ఠించాడు. ఆనాడు ఈ కొండ కింద ఉన్నవారికి కూడా నీకు వచ్చిన దుఃఖమే వచ్చి ఉంటుంది నాయనా. విగ్రహం పోయింది, కొండ పోలేదు. పోయిన జట్టు కోసం ఏడవడం సహజమే. అయితే రహీం పాఠం చెప్పిన ఊరు నీ ఊరు. జట్లు కొనుక్కొనేవారు వస్తారు, పోతారు. మీ వీధిలో నలుగురు పిల్లలకు ఒక బంతి కొనిపెట్టు. ఎడమ కాలితో తన్నమని చెప్పు.

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "సరే అయ్యవారూ, ఈ ఆదివారం కొంటాను" అన్నాడు.