జంతువుల్లో రక్షక వర్ణం: కృష్ణా డెల్టా

చుట్టూ ఉన్న నేలలో, ఆకులో, నీటిలో కలిసిపోయే రంగూ రూపూ వల్ల ఒక ప్రాణి శత్రువు కంటికో, ఎర కంటికో ఆనకుండా ఉండటాన్ని రక్షక వర్ణం అంటారు. కామఫ్లాజ్ అన్న మాట కూడా వాడుకలో ఉంది. విజయవాడ పటమట నుంచి సముద్రం దాకా పరుచుకున్న పల్లపు నేలలో దీనికి ఉదాహరణలు అడుగడుగునా ఉన్నాయి. శాస్త్రవేత్తలు సిద్ధాంతాలు కట్టకముందే ఇక్కడి రైతులూ, పిట్టలు పట్టేవాళ్ళూ, పాములవాళ్ళూ వాటిని గమనించి పేర్లు పెట్టారు. ఈ విషయ చరిత్ర రాసినవాళ్ళు ఆ పేర్లను పెద్దగా పట్టించుకోలేదు. అందుకే ఈ వ్యాసం వాటితోనే మొదలవుతుంది.

గుడ్డి కొంగ

ఒకప్పటి పల్లె పటమట ఇప్పుడు నగరంలో భాగం. అయినా బందరు కాలువ గట్టున గుడ్డి కొంగ ఇంకా కనిపిస్తుంది. మెడ ముడుచుకుని, బురద అంచున, ఎండిన జమ్ము పక్కన నిలబడుతుంది. వీపు తడి మట్టి రంగు, మెడ మీద నిలువుగా గోధుమరంగు చారలు. ఆ చారలు జమ్ము కాడల వరుసలో కలిసిపోతాయి. మనిషి బాగా దగ్గరికి వచ్చేదాకా కదలదు. లేచిందంటే మాత్రం తెల్లటి రెక్కలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. కాస్త దూరంలో వాలి రెక్కలు ముడవగానే ఆ తెలుపంతా మాయం. వానాకాలంలో గూడు కట్టే రోజుల్లో వీపు ముదురు ఎరుపుకు తిరుగుతుంది; అప్పుడు దాక్కోవడం కన్నా జతకు కనిపించడం ముఖ్యం.

బాగా దగ్గరికి వెళ్ళేదాకా ఎగరదు కాబట్టి దానికి చూపు లేదని జనం అనుకున్నారు. హిందీలో, సింహళంలో ఉన్న పేర్లకూ ఇదే అర్థం. నిజానికి దాని చూపు చాలా చురుకైనది. దాన్ని చూడలేకపోయింది మనమే. 1832లో ప్రకృతి శాస్త్రజ్ఞుడు సైక్స్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు.

పాముల పుస్తకం

స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780లలో విశాఖపట్నంలో ఉండి, ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా కోరమాండల్ తీరపు పాములను సేకరించాడు. 1796లో వెలువడిన ఆయన పుస్తకంలో రంగుల బొమ్మల పక్కన పాముల తెలుగు పేర్లున్నాయి. చెట్టు తీగలా వేలాడే పసిరిక పాము అందులో ఉంది. ఈ రోజు రక్తపింజర అని పిలిచే పాము ‘కాటుక రేకుల పొడ’గా ఉంది. పొడ అంటే మచ్చ. కాటుక గీసిన రేకుల్లాంటి మచ్చలు అని ఆ పేరు పెట్టినవాళ్ళు వర్ణించారు. ఎండుటాకుల మీద ఆ మచ్చలు పాము ఒంటిని ముక్కలు ముక్కలుగా చూపిస్తాయి. కంటికి ఆకులు కనిపిస్తాయి కానీ పాము ఆకారం అందదు. వరికోతల్లో, గడ్డివాముల దగ్గర రైతుకూలీలు దాన్ని చూడకుండా చెయ్యి పెట్టేదీ, కాలు వేసేదీ ఇందువల్లే. డెల్టాలో ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి.

సిద్ధాంతాల కాలం

ఆక్టోపస్ రంగు మార్చడాన్ని అరిస్టాటిల్ ఏనాడో రాశాడు. అలాంటి రంగులు ఎలా ఏర్పడ్డాయన్న ప్రశ్నకు గట్టి జవాబు 1859లో డార్విన్ సహజ వరణ సిద్ధాంతంతో దొరికింది: కనబడినవి తినబడ్డాయి, కనబడనివి పిల్లల్ని కన్నాయి. రెక్కలు ముడిస్తే ఎండుటాకులా ఉండే సుమత్రా సీతాకోకచిలుక గురించి ప్రకృతి శాస్త్రజ్ఞుడు వాలెస్ 1860లలో రాశాడు. అటువంటిదే మన వరిచేలలోనూ ఉంది. తలమీద రెండు కొమ్ములతో వరి ఆకు మీదే పెరిగే పచ్చని గొంగళిపురుగు, మునిమాపువేళ ఎగిరే గోధుమరంగు సీతాకోకచిలుక అవుతుంది. వానాకాలంలో పుట్టినవాటి రెక్కల కింద కంటిబొమ్మల్లాంటి చుక్కలుంటాయి. పొడికాలంలో పుట్టినవాటికి ఆ చుక్కలు దాదాపు చెరిగిపోయి, రెక్క అచ్చం రాలిన ఆకులా ఉంటుంది. పచ్చని చేను ఎండుగడ్డిగా మారే నేలకు తగినట్టు ఒకే పురుగు జాతి రెండు వేషాలు వేస్తుంది.

1896లో అమెరికా చిత్రకారుడు అబట్ థేయర్ మరో సంగతి పట్టుకున్నాడు. ఎండ పైనుంచి పడుతుంది కాబట్టి ఏ ఒంటికైనా వీపు మెరుస్తుంది, పొట్ట నీడలో ఉంటుంది. వీపు ముదురుగా, పొట్ట లేతగా ఉంటే ఆ వెలుగునీడల తేడా చెరిగిపోయి ఒళ్ళు బల్లపరుపుగా కనిపిస్తుంది. కొర్రమీను నల్లని వీపునూ తెల్లని పొట్టనూ చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. జంతుశాస్త్రవేత్త హ్యూ కాట్ 1940లో ఈ పరిశీలనలన్నిటినీ ఒక బృహద్గ్రంథంలో కూర్చాడు. 2005లో బ్రిస్టల్ పరిశోధకులు కాగితపు చిమ్మటలను చెట్లకు గుచ్చి, అంచుల మీద మచ్చలున్నవి పిట్టల నుంచి ఎక్కువగా తప్పించుకున్నాయని చూపారు. కాటుక రేకుల పొడ పనిచేసే తీరు అదే.

ఊసరవెల్లి

రంగు మార్చడమంటే తెలుగువారికి ముందు గుర్తొచ్చేది ఇదే. తొండ ముదిరి ఊసరవెల్లి అవుతుందని సామెత. కానీ రెండూ వేర్వేరు కుటుంబాలు. జతకట్టే కాలంలో మగతొండ తల ఎర్రబడటంతో దాన్నే ఊసరవెల్లి అనుకునేవారు చాలామంది. అసలు ఊసరవెల్లి దాక్కునేది ముఖ్యంగా ఆకుపచ్చ ఒంటితో, గాలికి ఊగే ఆకులా తూగే నడకతో. రంగు మార్పు ఎక్కువగా తోటి ఊసరవెల్లులతో వ్యవహారానికీ, ఒంటి వేడి సర్దుకోవడానికీ. చర్మంలోని సూక్ష్మ స్ఫటికాల మధ్య ఎడం మారడం వల్ల రంగు మారుతుందని 2015లో జెనీవా పరిశోధకులు మడగాస్కర్ జాతి మీద నిరూపించారు.

కలివికోడి

డెల్టా బయటిదే అయినా తెలుగునాట దీన్ని మించిన ఉదాహరణ లేదు. 1848లో శాస్త్రానికి తెలిసిన ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందని లెక్కకట్టారు. పగలంతా ముళ్ళపొదల మధ్య మట్టిరంగు ఒంటితో కదలకుండా ఉండి, రాత్రి తిరుగుతుంది. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో ఐతన్న అనే స్థానికుడు రాత్రివేళ దీపం వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని గుర్తించాడు. దాని కోసం అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి మార్చారు. కలివి పొదల్లో ఉండే కోడి అన్న పేరుతో ఆ పల్లెలవాళ్ళు దాన్ని అంతకుముందే ఎరుగుదురు.